ఏడో తరగతి గార్డియన్

మా నాన్న రిటైరయ్యాడు గానీ డ్యూటీ దిగలేదు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టర్‌గా చేసి, క్వార్టర్ ఖాళీ చేసి, ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఇల్లు కొన్నాడు. కొన్న రోజు నుంచి ఆ ఇంటిని కూడా స్టేషన్ లాగే నడుపుతున్నాడు. పాలవాడు వస్తే అరైవల్. అమ్మ బజారుకి బయల్దేరితే డిపార్చర్. నేను స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు బయట నిలబడి, "మెయిన్ లైన్ ఎంతసేపు బ్లాక్ చేస్తావమ్మా" అంటాడు. నవ్వుతాడేమో అని చూస్తే నవ్వడు. ఆయన ఏది సరదాకి అంటాడో, ఏది నిజంగా అంటాడో నాకు ముప్పయ్యో పడి దగ్గరపడినా అంతుపట్టలేదు. కోపం వస్తే మాత్రం అనుమానం ఉండదు. వీధి చివర పాన్ దుకాణం దాకా వినిపిస్తుంది. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది, కాకపోతే ఆయన ముందు ఆ ముక్కు నాకు కనిపించదు.

నేను న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక చిన్న బళ్ళో టీచర్ని. సాయంత్రాలు ఇంటి అరుగు మీద ట్యూషన్ చెప్తాను. పిల్లల ఇళ్ళకి కబుర్లు పంపడానికి మొదట్లో వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టాను. బుద్ధి తక్కువై పెట్టాను. ఒకాయన రోజూ తెల్లారకుండానే గులాబీ పువ్వు పెట్టేవాడు. ఒకావిడ కాకరకాయ రసం గురించి రాసేది. చివరికి ఇద్దరు తండ్రులు యూనియన్ ఎన్నికల మీద అందులోనే పడి కొట్టుకుంటే, గ్రూపు మూసేసి మామూలు మెసేజ్‌లకి దిగాను. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, ఒక్కొక్కరికీ విడివిడిగా. ఫోన్ మీద కొట్టీ కొట్టీ బొటనవేలు వాచింది.

అప్పుడు మా బళ్ళో కంప్యూటర్ చెప్పే దీదీ ఒక ఉపాయం చూపించింది. కంప్యూటర్ తెర మీద నలుపూ తెలుపూ గళ్ళున్న చదరం ఒకటి వస్తుంది. దానికి ఫోన్ చూపిస్తే చాలు, ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లన్నీ కంప్యూటర్‌లో ప్రత్యక్షమవుతాయి. కంప్యూటర్‌లో టైపు చేసింది ఫోన్ నుంచే వెళ్తుంది. ఫోన్ పక్కనే ఉండక్కర్లేదు. అది నా బ్యాగులో, బళ్ళో ఉన్నా సరే, ఇంట్లో కంప్యూటర్ నా పేరు మీద మాట్లాడుతూనే ఉంటుంది.

ఈ చివరి ముక్కే నా కొంప ముంచింది.

నాన్నకి కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో అక్షరాలు ఆనేవి కాదు. కంప్యూటర్ తెర మీద మెసేజ్‌లు ఇంతింత అక్షరాలతో కనబడేసరికి ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఒకరోజు నాకు పరీక్ష డ్యూటీ పడింది. ట్యూషన్ ఉందా లేదా అని తల్లిదండ్రులు అడిగితే జవాబు చెప్పడానికి కంప్యూటర్ తెరిచి ఉంచి, ఆయనకి అప్పజెప్పి వెళ్ళాను. ఒక్క పూట కోసం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బొత్తాలన్నీ పెట్టిన చొక్కాతో కంప్యూటర్ ముందు కూర్చుని, "చార్జ్ తీసుకున్నాను" అన్నాడు.

తీసుకున్న చార్జి మళ్ళీ ఇవ్వలేదు. ఇమ్మని నేను అడగలేదు కూడా. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు మరి.

ఆయన చేసిన మొదటి పని ప్రైవేట్ నంబర్లు పెట్టడం. రైల్వేలో పుట్టి పెరగని వాళ్ళకి ఇది చెప్పాలి. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి బండి పంపాలంటే, పంపమంటారా అని ముందు ఫోన్ చేసి అడగాలి. అవతలాయన పంపండి అంటే సరిపోదు. తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబర్ చదివి చెప్పాలి. ఆ నంబర్ చెబితేనే లైన్ క్లియర్ ఇచ్చినట్టు, బండి కదలొచ్చు. నంబర్ లేకుండా ఎంత గట్టిగా చెప్పినా అది లెక్కలోకి రాదు. "నంబర్ లేని మాట మాట కాదమ్మా, దగ్గు" అనేవాడు నాన్న.

అలా మా ట్యూషన్‌కి కూడా నంబర్లొచ్చాయి. "రేపు క్లాసు లేదు. ప్రైవేట్ నంబర్ ముప్పై ఆరు. అందినట్టు మీ నంబర్ పంపవలెను." మా పిల్లల తండ్రుల్లో వర్క్‌షాప్ వాళ్ళూ, గార్డులూ ఎక్కువ. తిడతారేమో అనుకుంటే, వాళ్ళు పెళ్ళిపిలుపు అందుకున్నంత సంబరంగా నంబర్లు పంపడం మొదలుపెట్టారు. బెంగాలీ మిఠాయి దుకాణం దాదా ఒక్కడే నేరుగా ఇంటికొచ్చి, "దీదీ, ఏయ్ నొంబొర్‌టా కీశేర్? లాటరీ నాకి?" అని, ఈ నంబర్ దేనిది, లాటరీదా అని అడిగాడు. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి అరగంట క్లాసు తీసుకున్నాడు. మర్నాటి నుంచి అందరికంటే ముందు నంబర్ పంపేది ఆ దాదాయే.

ఇక నా గొడవకి వస్తాను.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే అతనితో నాకు రెండేళ్ళుగా పరిచయం. పరిచయం అని మర్యాదకి రాస్తున్నాను, పెళ్ళంటూ చేసుకుంటే అతన్నే అని ఎప్పుడో అనేసుకున్నాను. వాళ్ళది దక్షిణ కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన హిందూ కుటుంబం. క్రిస్మస్‌కి వీధిలో ఏ ఇంటి నుంచి కేకు వచ్చినా మా నాన్నే ముందు తింటాడు. కానీ కేకు తినడం వేరు, వియ్యమందడం వేరు. అది నాకు తెలుసు. అందుకే ఆయనకి చెప్పడానికి రెండేళ్ళుగా రేపు, రేపు అంటున్నాను.

అతని ఫ్యాక్టరీలోకి కెమెరా ఉన్న ఫోన్ రానివ్వరు. అతని దగ్గర ఉండేది బొత్తాల ఫోన్. అది కూడా టీ విరామంలో తప్ప లాకర్లోనే. కాబట్టి మామూలు మెసేజ్‌లే మాకు గతి. నా ఫోన్‌లో అతని నంబర్‌ని 'ఏడో తరగతి గార్డియన్' అని దాచుకున్నాను. అలా పెట్టిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. నా ట్యూషన్‌లో ఏడో తరగతి పిల్లలెవరూ లేరు కదా, ఎవరితోనూ కలిసిపోదని. నాన్న కంప్యూటర్ చార్జి తీసుకున్నాక, పగలు మెసేజ్‌లు పెట్టొద్దు, సాయంత్రం ఫోనే చెయ్యి అని అతనికి గట్టిగా చెప్పాను. నాన్న నంబర్ల పిచ్చి గురించి కూడా చెప్పి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. అయినా ఒకటీ అరా మెసేజ్‌లు జారిపడేవి. ఒక రాత్రి అన్నాల దగ్గర నాన్న అడిగాడు.

"ఈ ఏడో తరగతి పిల్లాడు క్లాసులో ఎప్పుడూ కనబడడేటి?"

"వాడికి జ్వరం నాన్నా."

"మొన్న ఆ గార్డియన్, షిఫ్ట్ మారింది ఈరోజు కుదరదు అని పెట్టినాడు. షిఫ్ట్ గార్డియన్‌కి మారితే పిల్లాడు ఏల మానేస్తాడు?"

అమ్మ చారు వడ్డిస్తూ, తలెత్తకుండా, "ఏటి జ్వరమో, రెండేళ్ళ నుంచి తగ్గట్లేదు పాపం ఆ పిల్లాడికి" అంది.

ఆవిడకి ఎంత తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నాన్న మాత్రం ఆ కనబడని పిల్లాడి గురించి నిజంగానే బెంగపెట్టుకున్నాడు. చదువు పాడైపోతోందని, ఇంట్లో అడిగేవాళ్ళు లేరని, ఒకసారి గార్డియన్‌ని పిలిచి మాట్లాడాలని అనేవాడు.

నా ఎలక్ట్రీషియన్‌కి తండ్రి లేడు. వాళ్ళమ్మగారు రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. నా సంగతి ఆవిడకి తెలుసు. రెండేళ్ళు ఓపిక పట్టారు. ఆ వారం ఓపిక అయిపోయింది. ఇంకో అమ్మాయి తరపు వాళ్ళని ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికి రమ్మన్నారు. "కన్నతండ్రికి నోరు విప్పి చెప్పలేని పిల్ల, రేపు నీ పక్షాన నలుగురిలో ఏం మాట్లాడుతుంది?" అన్నారట. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆదివారం లోపు నాన్నకి చెప్పకపోతే అతను నాకు లేనట్టే. బుధవారం సాయంత్రం ఫోన్‌లో రేపు తప్పకుండా చెప్తాను అన్నాను. అతను నవ్వలేదు. సరే అని పెట్టేశాడు.

గురువారం పొద్దున బళ్ళో స్టాఫ్ రూమ్‌లో పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఫోన్ గురగురమంది. చూశాను. ఏడో తరగతి గార్డియన్.

"అమ్మ ఆదివారం వాళ్ళని ఖాయంగా రమ్మనేసింది. ఇంక ఆగదు. ఈరోజే మేం వచ్చి మాట్లాడతాం. రమ్మంటావా వద్దంటావా, ఒకటే మాట."

నేను వేలు పెట్టేలోపే దాని కింద జవాబు పడింది. నా ఫోన్ నుంచి. నేను రాయని జవాబు.

"ఆదివారం ఎవరినీ రమ్మనవద్దు. ఈరోజే ఇంటికి రండి."

నాన్న బుర్రలో ఏం జరిగిందో అప్పుడే అర్థమైంది. ఏడో తరగతి పిల్లాడి తల్లి ఆదివారం వేరే ట్యూషన్ మాస్టర్ని చూస్తోంది. కూతురి దగ్గరున్న పిల్లాణ్ణి పక్కవాళ్ళు తన్నుకుపోతున్నారు. మా నాన్న ఊరుకుంటాడా?

అతను రాశాడు. "నిజంగానా? మీ నాన్నగారు ఉంటారు కదా?"

జవాబు. "ఉంటారు. ఆయనతోనే మాట్లాడండి."

"ఏమైనా అంటారేమో?"

"ఏమీ అనరు. మీ ఇబ్బంది ఏదైనా విని, దారి చూస్తారు."

రెండేళ్ళలో నేను అతనికి ఒక్కసారి కూడా ఇంత ధైర్యంగా రాయలేదు. చదువుతుంటే నాకే కన్నీళ్ళొచ్చేలా ఉన్నాయి. మళ్ళీ గురగుర.

"ఐదు గంటలకు. పెద్దవాళ్ళను తీసుకుని రావలెను. ప్రైవేట్ నంబర్ నలభై ఏడు. మీ నంబర్ పంపవలెను."

అతను దాన్ని నా పరాచికం అనుకున్నాడు. "నా నంబర్ ఇరవై రెండు. నీకింత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అని పెట్టాడు. అంతే. టీ విరామం అయిపోయింది, ఫోన్ లాకర్లోకి వెళ్ళిపోయింది. నేను ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయింది. ఇటు నుంచి మెసేజ్ పెడదామంటే, నేను పెట్టిన ప్రతి అక్షరమూ అక్కడ మా ఇంట్లో, నాన్న కళ్ళ ముందు, ఇంతింత సైజులో పడుతుంది.

అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నాన్న ఏం చేస్తున్నాడు?"

"ఆ గార్డియన్ తన వయసేటి నా వయసేటి, ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే అంతాడేటి, మర్యాద తెలీని మనిషి అని గొణుక్కుంతన్నారు. సాయంత్రం ఏడో తరగతోళ్ళు వస్తన్నారట. పకోడీలకి ఉల్లిపాయలు కొయ్యమన్నారు."

"అమ్మా, ఆ కంప్యూటర్ ఆపెయ్."

"నాను ఆపితే ఆయన ఊరుకుంతారేటి? అయినా నువ్వెందుకు అంత కంగారు పడతన్నావు? వచ్చేది ఏడో తరగతి పిల్లాడే కదా." అని, మళ్ళీ తనే, "ఎన్ని ఉల్లిపాయలు కొయ్యను, సెప్పు" అంది.

కంప్యూటర్ దీదీ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా ఫోన్ తీసుకుని, ఎక్కడో నొక్కి, ఇంట్లో కంప్యూటర్‌తో ఉన్న లంకె తెంపేసింది. "బస్, హోయే గాచే" అంది, అంతే, అయిపోయింది అని. ఇంత సులువా? ఆవిడకి దండం పెట్టి, అప్పుడు అతనికి నా సొంత వేళ్ళతో రాశాను. "ఈరోజు రావద్దు. పొద్దున పెట్టినవి నేను రాసినవి కావు. సాయంత్రం ఫోన్ చేస్తాను."

షిఫ్ట్ దిగాక చూసుకుంటాడు, ఆగిపోతాడు. గండం గడిచింది అనుకున్నాను. డబ్బా తెరిచి ఉప్మా కూడా తిన్నాను. అతని దగ్గర నుంచి జవాబేమీ రాకపోతే, అలిగాడు కాబోలు, సాయంత్రం బతిమాలుకోవచ్చులే అనుకున్నాను. బడి వదిలాక సైకిల్ మీద తాపీగా, దారిలో కొత్తిమీర కట్ట కొనుక్కుని మరీ ఇంటికెళ్ళాను.

అరుగు మీద కొత్త చెప్పులు రెండు జతలు ఉన్నాయి.

లోపల మా నాన్న ఇస్త్రీ చొక్కా, బెల్టుతో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎదురుగా వాళ్ళమ్మగారు, గంజిపెట్టిన తెల్లచీరలో. ఆవిడ పక్కన అతను, మడత నలగని నీలం చొక్కాలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. బల్ల మీద పళ్ళూ, పూలూ, రసగుల్లాల కుండ. వాటి వంక నాన్న అనుమానంగా చూస్తున్నాడు. మార్కుల కోసం లంచం తెచ్చారనుకున్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

నేను గుమ్మంలో కొత్తిమీర పట్టుకుని బిగుసుకుపోయాను. అప్పటికే మాటలు మొదలైపోయాయి.

"మీవాడు ఏడో తరగతి కదమ్మా" అంటున్నాడు నాన్న.

"ఏడో తరగతా? అది ఎప్పుడో గట్టెక్కాడండీ" అన్నారావిడ.

"మరి పిల్లాడేడీ? ఇతనెవరు, పిల్లాడి అన్నయ్యా?"

"వీడే అండీ మా పిల్లాడు."

నాన్న అతన్ని కింద నుంచి పైకి చూశాడు. ఆరడుగుల మనిషి. మీసం. "ఇతను నా బిడ్డ దగ్గర ట్యూషన్ చదువుతున్నాడేటి?" అన్నాడు. వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెంతో నిలబడ్డ అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు, ఆ క్షణంలో ఆవిడ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇంక దాచడానికి చోటు లేదు. అడుసు తొక్కేశాక కాలు కడుక్కోవాల్సిందే.

"నాన్నా, ఇతను ఏడో తరగతి కాదు. గార్డియనూ కాదు. నేను పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చిన మనిషి. ఆవిడ వాళ్ళమ్మగారు. నీకు భయపడి అలా రాసుకున్నాను."

చెప్పేశాను. రెండేళ్ళు నా గుండెల మీద కూర్చున్నది నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఇప్పుడు అరుపు వస్తుందని నేనూ అమ్మా ఒకేసారి కిటికీ వైపు చూశాం, అది తెరిచి ఉందా మూసి ఉందా అని. అరుపు రాలేదు. నాన్నకంటే ముందు వాళ్ళమ్మగారు మాట్లాడారు.

"అన్నయ్యగారూ, మేం పిలవని పేరంటానికి రాలేదండీ. ఆదివారం ఎవరినీ రమ్మనవద్దని మీ ఇంటి నుంచే రాశారు."

"రాసినాను" అన్నాడు నాన్న. "నేనే రాసినాను."

"నంబర్ ఇచ్చారు. నలభై ఏడు."

"ఇచ్చినాను."

"మావాడు నంబర్ ఇచ్చాడు. ఇరవై రెండు. మరి మధ్యాహ్నం రావద్దని ఇంకొక మెసేజ్ వచ్చిందండీ. మావాడు కంగారుపడి వెనక్కి తగ్గుదామన్నాడు. నేను చూశాను. దానికి నంబర్ లేదు. నేను ఎక్స్ఛేంజిలో పనిచేసినదాన్ని. నంబర్‌తో వచ్చిన మాటని, నంబర్ లేని మాట ఎలా కొట్టేస్తుంది? ఇదెవరో మధ్యలో దూరి పెట్టింది, దీన్ని లెక్కచెయ్యొద్దు, ఆ పిల్లకి ఫోన్ కూడా చెయ్యొద్దు, పద అన్నాను."

నాన్న మెల్లిగా నా వైపు తిరిగాడు. మొహం ఎర్రబడింది. ఇప్పుడు వస్తోంది అనుకున్నాను.

"ఆ మెసేజ్ నువ్వు పెట్టినావా?"

"నేనే."

"నంబర్ లేకుండా?"

"నాన్నా, నేను..."

"లైన్ క్లియర్ ఇచ్చేసినాక, బండి బయల్దేరినాక, నంబర్ లేకుండా కేన్సిల్ చేస్తావేటి? అవతలోళ్ళ దగ్గర నుంచి అందిందని కబురు లేకుండా కూర్చుంటావేటి? ఎవరి కడుపున పుట్టినావు నువ్వు?" గొంతు పాన్ దుకాణం దాకా వెళ్ళింది. "స్టేషన్ మాస్టర్ బిడ్డవి. ఇలాగేటి చేసేది? రెండు బళ్ళు గుద్దుకుంటే ఎవరు జవాబు చెప్తారు?"

ప్రేమ గురించి ఒక్క మాట లేదు. మతం గురించి లేదు. రెండేళ్ళుగా నేను రాత్రిళ్ళు ఊహించుకున్న గొడవల్లో ఈ గొడవ ఒక్కటే లేదు. పైగా, నా కాబోయే అత్తగారు తల పంకిస్తూ, "అదే కదండీ, ఈ కాలం పిల్లలకి పద్ధతి తెలీదు" అంటున్నారు. అతను నా వైపు చూసి తప్పు నీదే అన్నట్టు కనుబొమలెగరేశాడు. చేతిలో కొత్తిమీర కట్ట అతని మొహాన విసరాలనిపించింది.

నాన్న అరుగు మీదకి వెళ్ళాడు. కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆదివారం మూడు రోజుల్లో ఉంది, ఆయన వీపు చూస్తే ఏమీ తెలియడం లేదు.

తిరిగొచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీరు నమ్మి వచ్చినారు. మీది తప్పు లేదు. సెక్షన్లోకి వచ్చేసిన బండిని వెనక్కి నెట్టే అధికారం నాకు లేదు. నేను పిలిచినాను, మీరు వచ్చినారు. ఆదివారం వచ్చేవాళ్ళని రావద్దని చెప్పేయండి. మెసేజ్ ఒద్దు, నోటితో చెప్పండి." కొంచెం ఆగి, "గుడిలోనా, చర్చిలోనా అన్నది తర్వాత తగువు పడదాం. తగువు మాత్రం తప్పదు, ముందే చెప్తున్నాను" అన్నాడు.

"పడదామండీ" అన్నారావిడ, ఆనందంగా.

అప్పుడు నాన్న రసగుల్లాల కుండ మూత తీశాడు. అతని వైపు తిరిగి, ఏ ఫ్యాక్టరీ, ఏ షిఫ్ట్, ఎర్తింగ్ సరిగ్గా ఉంటుందా అని అడిగాడు. అతను లేచి నిలబడి జవాబులు చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పకోడీలు అయిపోయాయి. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మగారు నా చెంప నిమిరి, "చెప్పావు కదమ్మా, అది చాలు" అన్నారు. నేను చెప్పాల్సిన రోజున చెప్పలేదని, తరుముకొస్తే చెప్పానని ఆవిడకీ తెలుసు. అయినా ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు చిన్నబోయింది. నాన్న బెల్టు తీసి కుర్చీకి తగిలించాడు. నేను ఎంగిలి పళ్ళేలు తీస్తున్నాను.

"అంత పెద్ద మనిషిని ఏడో తరగతిలో ఎందుకు దాచినావమ్మా?" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

"చెప్తే ఏమంటావో అని."

"ఏమంటాను?"

"అరుస్తావని."

"అరిచేవాడినే. అరిస్తే ఏటవుతుంది? కాసేపు అరిచి ఊరుకుంటాను కదా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నేనంటే నీకు నిజంగా అంత భయమేటి?"

కాదు నాన్నా అనొచ్చు. ఆ పూట ఆయన నాకు చేసినదానికి ఆ ఒక్క అబద్ధం చెప్పినా తప్పు లేదు. కానీ నోరు అప్పటికే తెరుచుకుని ఉంది.

"అవును నాన్నా. చిన్నప్పటి నుంచి."

ఆయన వంటింటి వైపు తిరిగి, "నీకూనా?" అన్నాడు.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకు బయం లేదు. బయం ఎప్పుడో పోయింది. సెప్పినా ఇనరు కదా అని సెప్పడం మానేసినాను."

"ఎప్పట్నుంచి?"

"మానేసినట్టు కూడా మీకు తెలీలేదు కదా" అంది అమ్మ. కోపంగా అనలేదు. పాలవాడు రాలేదని చెప్పినట్టు చెప్పింది.

నాన్న లేచాడు. బయటికి పోతాడనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద కాగుతున్న పాల కింద మంట ఆపి, వచ్చి, ఒక కుర్చీ అమ్మ కోసం లాగాడు. దాని ఎదురుగా తను కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అమ్మ నా వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది, కూర్చుంది. చాలాసేపు చీర అంచు సర్దుకుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టుంది.

"మొదటగా," అంది, "ఈ ఇల్లు నాకు నచ్చలేదు. కొనేముందు నన్ను అడగలేదు."

నాన్న ఏదో అనబోయి ఆగాడు. అమ్మ రెండోది మొదలుపెట్టింది. చీకటి పడుతోంది, లైటు వెయ్యాలని నాకు తెలుసు, కానీ నేను కదిలితే ఆవిడ ఎక్కడ ఆగిపోతుందో అని పళ్ళేలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.